ఫ్రేము అంచున నిలబడినవాళ్ళు

మా చిన్నతనంలో ఆటగాళ్ళకు ఇళ్ళు ఉండేవి కావు. మాకు తెలిసినంతవరకు వాళ్ళు మైదానంలోనే పుట్టి, మ్యాచ్ ముగియగానే ఎక్కడికో మాయమై, మరుసటి మ్యాచ్ నాటికి మళ్ళీ ప్రత్యక్షమయ్యేవారు. పత్రికలో అచ్చయిన రంగుల బొమ్మను కత్తిరించి నోటుపుస్తకం అట్టమీద అంటించుకునే ఆ వయసులో, ఆ బొమ్మలోని మనిషి మైదానం వదిలాక ఎవరి దగ్గరికి వెళతాడు, ఎవరిమీద కేకలు వేస్తాడు, ఏ బెంగతో నిద్రపట్టక దొర్లుతాడు అన్న ప్రశ్న మాకు ఎన్నడూ తట్టలేదు. తట్టినా జవాబు దొరికే దారి లేదు. మాకు అందినవి స్కోర్లు, ఫోటోలు, ఎప్పుడైనా ఒక పేజీ పరిచయ వ్యాసం. ఆ వ్యాసంలో క్రమశిక్షణ, అంకితభావం, పట్టుదల అన్న మాటలు తప్పకుండా ఉండేవి, మనిషి మాత్రం కనిపించేవాడు కాదు.

అన్నయ్యకు అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో మారడోనా అంటే ప్రాణం. 1986 ప్రపంచ కప్పులో ఇంగ్లండ్‌మీద చేత్తో వేసిన గోలు గురించి ఎవరైనా ఎత్తిపొడిస్తే, వెంటనే అదే మ్యాచ్‌లో సగం మైదానం పరుగెత్తి వేసిన రెండో గోలును వర్ణించడం మొదలుపెట్టేవాడు. 1994 ప్రపంచ కప్పులో జూన్ 21న గ్రీసుమీద మారడోనా గోలు కొట్టి, కళ్ళు పెద్దవి చేసి, నోరు తెరిచి అరుస్తూ నేరుగా కెమెరా మీదికి దూసుకువచ్చినప్పుడు మేమిద్దరం టీవీ ముందు ఎగిరి గంతులు వేశాం. అది జరిగిన కొద్దిరోజులకే, నైజీరియాతో మ్యాచ్ తరువాత చేసిన పరీక్షలో ఎఫెడ్రిన్ అనే నిషేధిత మందు బయటపడిందని, ఆయనను టోర్నమెంటు నుంచి పంపించివేశారని వార్త వచ్చింది. అన్నయ్య దాన్ని నమ్మడానికి ఒప్పుకోలేదు. కుట్ర అన్నాడు. నేను కూడా అదే అన్నాను, ఎందుకంటే అంతకు మించి ఆలోచించడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ కేకను మేము సంతోషంగా చదువుకున్నాం. దాని వెనక పది సంవత్సరాల చరిత్ర ఉందని తెలియడానికి మాకు పాతికేళ్ళు పట్టింది.

ఆ చరిత్రను మాకు చూపించినది ఆసిఫ్ కపాడియా 2019లో తీసిన డాక్యుమెంటరీ. ఈయన అంతకుముందు 2010లో కారు పందేల వీరుడు ఐర్టన్ సెన్నా మీద తీసిన చిత్రంలోనే ఒక పద్ధతిని స్థిరపరచుకున్నాడు. ఎవరినీ కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడించడు. మాట్లాడేవారి గొంతు వినిపిస్తుంది, తెరమీద మాత్రం ఆనాటి దృశ్యాలే నడుస్తాయి. సెన్నా చిత్రంలో 1994 మే 1 ఉదయం ఇటలీలోని ఇమోలాలో, తన ప్రాణం తీసిన పందేనికి ముందు, ఆయన ముఖం మీద కెమెరా నిలిచిన క్షణాలు చూసినవారికి ఈ పద్ధతి బలం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ముందురోజే అర్హత పందెంలో తోటి డ్రైవరు రాట్జెన్‌బర్గర్ చనిపోయాడు, వైద్యుడు సిడ్ వాట్కిన్స్ ఇక పందేలు మానేసి చేపలు పట్టుకుందాం రమ్మని సెన్నాను బతిమాలాడు, అయినా సెన్నా కారెక్కాడు. జరగబోయేది మనకు తెలుసు, ఆయనకు తెలియదు. కానీ ఆ కళ్ళను చూస్తే ఆయనకూ ఏదో తెలుసేమో అనిపిస్తుంది.

మారడోనా చిత్రానికి ఐదువందల గంటలకు పైగా ఫుటేజి దొరికింది. 1980ల ఆరంభంలో ఆయన తొలి ఏజెంటు హోర్హే సిటెర్స్‌పిలెర్, ఎప్పటికైనా ఒక సినిమా తీయాలన్న ఉద్దేశంతో, కెమెరామెన్లను పెట్టి ఆయనను వెంటాడి తీయించాడు. ఆ సినిమా రాలేదు, టేపులు మాత్రం దశాబ్దాలపాటు అలాగే ఉండిపోయాయి. 1984 జూలై 5న నేపుల్స్‌లోని సాన్ పావోలో స్టేడియంలో డెబ్బై వేలకు పైగా జనం కేవలం ఆయనను చూడడానికి వచ్చిన రోజు, విలేఖరుల సమావేశంలో ఒకాయన లేచి ఈ డబ్బులో కమోర్రా అనే స్థానిక నేర ముఠాల పాత్ర ఉందా అని అడుగుతాడు. క్లబ్బు అధ్యక్షుడు ఫెర్లైనో మండిపడి అతడిని బయటికి పంపించేస్తాడు. ఆ ఏడేళ్ళలో జరగబోయేదంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఆ నేపుల్స్ క్లబ్బు నాపోలికి ఆయన 1987లోను, 1990లోను ఇటలీ లీగ్ టైటిళ్ళను, 1989లో యూఫా కప్పును తెచ్చిపెట్టాడు. అదే కాలంలో జూలియానో ముఠావాళ్ళ విందుల్లో ఫోటోలు దిగాడు, కొకెయిన్‌కు పూర్తిగా బానిసయ్యాడు. 1990 ప్రపంచ కప్పు సెమీఫైనల్లో అదే నేపుల్స్ నగరంలో ఇటలీని ఓడించాక ఆ దేశం ఆయనకు ఇస్తూ వచ్చిన మినహాయింపులన్నీ వరసగా రద్దయ్యాయి. 1991లో పరీక్షలో దొరికిపోయి, పదిహేను నెలల నిషేధంతో, వచ్చిననాటి జనంలో ఒక్కరూ వెంటలేకుండా వెళ్ళిపోయాడు.

ఆ చిత్రంలో నాపోలి జట్టు 1990 క్రిస్మస్ విందు దృశ్యం ఒకటి ఉంది. చుట్టూ మనుషులు నవ్వుకుంటున్నారు, ఎవరో ఏదో చెబుతున్నారు, మారడోనా సూటు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కెమెరా మెల్లగా ఆయన ముఖం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోతుంది. ఆయన ఎవరినీ చూడడం లేదు. ముప్ఫై ఏళ్ళ వయసులో ప్రపంచంలో అందరికంటె ప్రసిద్ధుడైన ఆటగాడి ముఖంలో అంత అలసట ఉండగలదని నేను ఊహించలేదు. అన్నయ్య ఆ దృశ్యం దగ్గర చిత్రాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. కుట్ర అన్న మాట ఆ తరువాత ఆయన నోట నేను వినలేదు.

అయితే నేను ఇదంతా రాయడానికి అసలు కారణం అమ్మ. అమ్మకు ఫుట్‌బాల్ నియమాలు తెలియవు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. ఆ రోజు మాతోపాటు కూర్చుని చివరిదాకా చూసింది. 1986 సెప్టెంబరులో, అంటే మెక్సికోలో ప్రపంచ కప్పు గెలిచిన మూడు నెలలకు, నేపుల్స్‌లో ఒక యువతి మగబిడ్డను ప్రసవించి, ఆసుపత్రి మంచం మీంచే టీవీవారితో ఈ బిడ్డ తండ్రి మారడోనా అని చెప్పింది. ఆయన కాదన్నాడు. ఏళ్ళ తరబడి కాదంటూనే ఉన్నాడు. చిత్రం ముగిశాక మేమిద్దరం 1990 సెమీఫైనల్ గురించి, నిషేధం న్యాయమా కాదా అన్నదాని గురించి వాదించుకుంటుంటే అమ్మ మధ్యలో, "అది సరేరా, ఆ మంచంమీది పిల్ల తరవాత ఎట్లా బతికింది? ఆ పసివాణ్ణి ఎవరు పెంచారు?" అని అన్నయ్యను అడిగింది. మాకిద్దరికీ జవాబు తెలియదు. అన్నయ్యకు ఆ మ్యాచ్‌లో పెనాల్టీలు ఎవరెవరు కొట్టారో, ఏ వరసలో కొట్టారో తెలుసు.

ఆ తరువాత నేను అంతకుముందు చూసిన చిత్రాలను ఒక్కొక్కటిగా మళ్ళీ చూడడం మొదలుపెట్టాను. ఈసారి నా చూపు ఫ్రేము మధ్యలో ఉన్న మనిషిని వదిలి అంచుల్లో నిలబడినవాళ్ళ మీదికి పోయింది. భార్యలు, పిల్లలు, తల్లులు, ఓడిపోయిన ప్రత్యర్థి ఇంటివారు. కొన్ని చిత్రాలు వాళ్ళను మాట్లాడనిచ్చాయి, ఎక్కువ చిత్రాలు మాట్లాడనివ్వలేదు.

బాక్సర్ ముహమ్మద్ అలీ సంగతే తీసుకుంటే, 1974 అక్టోబరు 30న ఆఫ్రికాలోని కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌తో జరిగిన పోటీ మీద లియాన్ గాస్ట్ తీసిన "వెన్ వుయ్ వర్ కింగ్స్"ను మేము వీడియో క్యాసెట్‌లో చూశాం. ఆ రోజుల్లో క్యాసెట్ దొరకడమే పండుగ. డబ్బు, న్యాయ వివాదాల వల్ల ఆ చిత్రం పూర్తికావడానికి ఇరవైరెండేళ్ళు పట్టింది, చివరికి 1997లో ఆస్కార్ అందుకుంది. అప్పటికే పార్కిన్సన్ వ్యాధితో ఉన్న అలీ వేదిక మెట్లెక్కడానికి ఫోర్‌మన్ చేయందించిన దృశ్యాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా కళ్ళు చెమరుస్తాయి. అది నిజంగా గొప్ప చిత్రం. కానీ అందులో కనిపించే అలీ పూర్తి అలీ కాడు. మరుసటి సంవత్సరం మనీలాలో మరో బాక్సర్ జో ఫ్రేజియర్‌తో పోటీకి వెళ్ళినప్పుడు అలీ వెంట ప్రియురాలు వెరోనికా పోర్షే ఉంది. ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ ఆమెనే భార్య అనుకుని పలకరించాడు, ఆ సంగతి పత్రికల్లో చదివిన భార్య విమానమెక్కి మనీలా వచ్చి, గొడవపడి, వెంటనే తిరిగి వెళ్ళిపోయింది. ఆనాటి పత్రికలకు అది సరదా వార్త. నలుగురు పిల్లల తల్లికి అది సరదా ఎలా అవుతుంది?

అదే మనీలా పోటీని ఫ్రేజియర్ వైపునుంచి చెప్పిన డాక్యుమెంటరీ 2008లో వచ్చింది. 1967లో సైన్యంలో చేరనన్నందుకు అలీ లైసెన్సు పోగొట్టుకుని ఆట లేకుండా ఉన్న రోజుల్లో ఫ్రేజియర్ ఆయనకు డబ్బు సాయం చేశాడు, తిరిగి అనుమతి ఇవ్వాలని ఆయన తరఫున మాట్లాడాడు. అటువంటి మనిషిని అలీ పోటీ ప్రచారం కోసం గొరిల్లా అన్నాడు, జేబులోంచి రబ్బరు గొరిల్లా బొమ్మ తీసి విలేఖరుల ముందు గుద్దాడు. విలేఖరులు నవ్వారు. చిన్నప్పుడు ఆ దృశ్యం చూసి నేనూ నవ్వాను, అలీ ఏమన్నా మాకు చమత్కారంగానే ఉండేది. ఆ మాటలకు ఫ్రేజియర్ పిల్లలు బడిలో తోటివారి ఎగతాళి పడ్డారు. ఫిలడెల్ఫియాలో తన వ్యాయామశాలలోనే ఒక గదిలో ఉంటున్న ముసలి ఫ్రేజియర్ ఆ కోపాన్ని దాచుకోకుండా చెబుతుంటే, ముప్ఫై ఏళ్ళ తరువాత కూడా ఆ గాయం ఎంత పచ్చిగా ఉందో తెలుస్తుంది. అలీని నేను ఇప్పటికీ ప్రేమిస్తాను. ఆ ప్రేమలో ఫ్రేజియర్ పిల్లలకు కూడా చోటు ఉండాలని ఇప్పుడు అనుకుంటాను.

మైక్ టైసన్ మీద 2008లో వచ్చిన చిత్రం మొత్తం ఆయన మాటలతోనే నడుస్తుంది. చిన్నప్పటి భయాల గురించి, తనను తండ్రిలా చేరదీసిన శిక్షకుడు కస్ డి'అమాటో గురించి చెబుతూ ఆయన గొంతు పూడుకుపోతుంది. చూస్తున్నంతసేపూ మనసు కరుగుతుంది. కానీ 1992లో ఇండియానాపొలిస్ న్యాయస్థానం అత్యాచార నేరం రుజువైందని ఆయనకు శిక్ష వేసిన కేసు దగ్గరికి వచ్చేసరికి కూడా మనకు వినిపించేది ఆయన గొంతు ఒక్కటే. సాక్ష్యం చెప్పిన ఆ అమ్మాయి వైపు మాట ఒక్కటీ లేదు. ఆ చిత్రాన్ని రెండోసారి చూడడం నావల్ల కాలేదు.

ఇటువంటి చోట ఎజ్రా ఎడెల్‌మన్ 2016లో ఓ.జె. సింప్సన్ మీద తీసిన డాక్యుమెంటరీ నాకు అన్నిటికంటె పెద్దదిగా కనిపిస్తుంది. నిడివి 467 నిమిషాలు అన్నది అందరూ చెప్పే మాట, ఆస్కార్ పొందిన చిత్రాల్లో అంతటి నిడివి మరిదేనికీ లేదు. నేనంటున్నది ఆ నిడివిని ఆయన వాడుకున్న తీరు గురించి. 1973లో 14 మ్యాచ్‌ల్లో బంతితో 2,003 గజాలు పరుగెత్తిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, విమానాశ్రయాల్లో నవ్వుతూ పరుగెత్తే ప్రకటనల మనిషి, అందరికీ ఇష్టుడు అయిన సింప్సన్‌ను ముందు మనచేత కూడా ఇష్టపడేలా చేస్తాడు. ఆ పరుగులు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఆ తరువాత 1989 నూతన సంవత్సరపు రాత్రి అతని భార్య నికోల్ బ్రౌన్ పోలీసులను పిలిచిన సంగతికి వస్తాడు. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె పొదల్లోంచి పరుగెత్తుకు వచ్చి, ఇతను నన్ను చంపేస్తాడు అని అరిచింది. సింప్సన్ ఆరోపణలను ఎదిరించకుండా జరిమానాతో, కొన్ని గంటల సమాజసేవతో బయటపడ్డాడు. దెబ్బలు తిన్న తన ముఖం ఫోటోలను ఆమె బ్యాంకు లాకరులో దాచిపెట్టుకుంది. 1993లో మళ్ళీ ఫోన్ చేసినప్పటి రికార్డింగు చిత్రంలో వినిపిస్తుంది. వెనకనుంచి అతని అరుపులు, ముందు ఆమె గొంతు, ఎన్నోసార్లు ఇలాగే పిలిచి అలసిపోయిన గొంతు.

1994 జూన్ 12న ఆమె, ఆమెతోపాటు ఆమె స్నేహితుడు రాన్ గోల్డ్‌మన్ హత్యకు గురయ్యారు. జూన్ 17న, నిందితుడైన సింప్సన్ ఉన్న తెల్లటి బ్రాంకో వాహనం వెంట పోలీసు కార్లు వరసగా వెళ్ళిన దృశ్యాన్ని ప్రపంచమంతా చూసింది. అదే రోజు అమెరికాలో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలైంది, మారడోనా కెమెరా మీదికి అరుస్తూ వచ్చిన ఆ కప్పే. వంతెనల మీద జనం నిలబడి సింప్సన్‌కు చేతులు ఊపారు. 1995లో జ్యూరీ, నల్లజాతివాడైన సింప్సన్‌ను నిర్దోషి అంది. అందుకు వెనక లాస్ ఏంజిలస్ పోలీసులకూ నల్లజాతివారికీ మధ్య దశాబ్దాలుగా ఉన్న చరిత్ర ఏమిటో ఎడెల్‌మన్ ఓపికగా వివరిస్తాడు, ఆ వివరణలో నికోల్‌ను మాత్రం ఒక్క క్షణం కూడా మరిచిపోనివ్వడు. ఆ రెండు పనులూ ఒకే చిత్రంలో చేయగలగడమే ఆయన గొప్పతనం.

ఇటీవల ఆటగాళ్ళే తమ చిత్రాల నిర్మాణంలో భాగస్వాములవుతున్నారు. 2020లో పది భాగాలుగా వచ్చిన "ది లాస్ట్ డ్యాన్స్"కు ఆధారమైన 1997–98 నాటి ఫుటేజి బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డన్ అనుమతి లేనిదే వాడకూడదన్న ఒప్పందం కింద రెండు దశాబ్దాలు అల్మరాలో ఉండిపోయింది. అందులోని ఒక దృశ్యం నేను మరిచిపోలేను. 1993 జూలైలో తండ్రి హత్యకు గురయ్యాక ఆట వదిలి, 1995లో తిరిగివచ్చి, 1996 జూన్‌లో సరిగ్గా ఫాదర్స్ డే నాడు టైటిల్ గెలిచిన జోర్డన్, బంతిని గుండెలకు హత్తుకుని డ్రెస్సింగు గది నేలమీద బోర్లా పడి వెక్కివెక్కి ఏడుస్తాడు. ఏ మాటా అక్కరలేని దుఃఖం అది. అయినా ఆ పది భాగాల్లో ఆ సంవత్సరాలన్నీ ఆయనతో కాపురం చేసిన మొదటి భార్య ఎక్కడా మాట్లాడదు, పిల్లలు చివరి భాగంలో కాసేపు కనిపించి వెళ్ళిపోతారు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు బెక్‌హామ్ మీద 2023లో వచ్చిన నాలుగు భాగాల చిత్రం కూడా ఆయన సొంత సంస్థ భాగస్వామ్యంతో తయారైనదే, కానీ అందులో భార్య విక్టోరియా కూర్చుని మాట్లాడుతుంది. 1998 ప్రపంచ కప్పులో ఆయనకు ఎర్రకార్డు చూపించినప్పుడు తాను గర్భవతినన్న కబురు ముందురోజే చెప్పానని ఆమె అన్నప్పుడు, మనం వందసార్లు చూసిన ఆ ఎర్రకార్డు దృశ్యం కొత్తగా కనిపిస్తుంది.

అన్నయ్య ఈ విషయంలో నాతో ఏకీభవించడు. ఆటగాడు మనకు ఇచ్చింది ఆట, దానికి మించి అతని ఇంట్లోకి తొంగిచూసే హక్కు మనకెక్కడిదని ఆయన వాదన. ఆ వాదనలో పస లేదని నేను అనను. ఎవరి పడకగదిలో ఏం జరిగిందో చూపించి డబ్బు చేసుకునే చిత్రాలు కూడా చాలా ఉన్నాయి, అవి నాకూ అసహ్యమే. నేను అడిగేది వేరు. ఆటగాడి ఇంటిని చూపించదలచుకున్నప్పుడు ఆ ఇంట్లో ఉన్న మిగతావాళ్ళను మనుషులుగా చూపించమంటున్నాను.

అలా చూపించినప్పుడు ఏం జరుగుతుందో మార్డీ ఫిష్ మీద 2021లో వచ్చిన చిత్రంలో ఉంది. ఫిష్ పేరు మారడోనా, జోర్డన్ పేర్ల సరసన ఎవరూ చెప్పరు, కానీ కొంతకాలం అమెరికా టెన్నిస్‌లో అతడే ముందున్నాడు. 2012లో గుండె లయ తప్పడం మొదలై చికిత్స చేయించుకున్నాక, రాత్రిళ్ళు ఒంటరిగా ఉండలేని భయం పట్టుకుంది. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ నాలుగో రౌండులో ఫెదరర్‌తో ఆడవలసి ఉంది. స్టేడియానికి వెళ్ళే కారులో అతడు వణుకుతూ కూర్చుని ఉంటే, పక్కన ఉన్న భార్య, "నువ్వు ఆడకపోయినా ఫరవాలేదు" అంది. చిన్నప్పటి నుంచి ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. శిక్షకులు అనలేదు, ప్రేక్షకులు అనలేదు, అతను తనతో తాను కూడా అనుకోలేదు. ఆ రోజు అతను ఆడలేదు. మూడేళ్ళ తరువాత అదే పోటీలో మళ్ళీ కోర్టులోకి దిగి, ఆడి, అప్పుడు సెలవు తీసుకున్నాడు. ఒలింపిక్స్‌లో 23 స్వర్ణాలు గెలిచి, అంతటి ఈతగాడై ఉండి, ఇక బతకాలని లేదన్నంతవరకు వెళ్ళి తిరిగి వచ్చిన మైకేల్ ఫెల్ప్స్ 2020లో తన తోటివారి వ్యథను చెప్పడానికి స్వయంగా గొంతునిచ్చిన చిత్రం కూడా ఇదే కోవకు చెందుతుంది. కానీ నన్ను ఎక్కువగా కదిలించేది ఆ కారులోని మాటే. అమ్మకు ఆ చిత్రం చూపించినప్పుడు, "తెలివైన పిల్ల" అంది. టెన్నిస్ గురించి ఏమీ అడగలేదు.

అమ్మ ఆనాడు అడిగిన ప్రశ్నకు జవాబును నేను తరువాత వెతికి తెచ్చి చెప్పాను. ఆ పసివాడి పేరు కూడా డియేగోయే. తల్లి దగ్గర నేపుల్స్‌లోనే పెరిగాడు, ఫుట్‌బాల్ ఆటగాడే అయ్యాడు, ఇటలీ తరఫున ఇసుకతీరపు ఫుట్‌బాల్ కూడా ఆడాడు. 1990లలోనే న్యాయస్థానం మారడోనాను తండ్రిగా ప్రకటించినా, ఆయన మనస్ఫూర్తిగా కొడుకుగా దగ్గరికి తీసుకుని లోకం ముందు నిలబడింది 2016లో, అంటే అబ్బాయికి ముప్ఫై ఏళ్ళు నిండబోతున్నప్పుడు. ఆ తరువాత నాలుగేళ్ళకే, 2020 నవంబరు 25న మారడోనా కన్నుమూశాడు. తండ్రి బొమ్మ ఊరంతా గోడలమీద ఉన్న నగరంలో, ఆ తండ్రి తనను కాదంటుండగా పెరిగిన ఒక పిల్లవాడి ముప్ఫై ఏళ్ళను అతని వైపునుంచి ఎవరైనా చిత్రంగా తీయాలని నా కోరిక. ఆ మాట అన్నయ్యతో అంటే, దాన్ని తాను కూడా చూస్తానన్నాడు.